సీసాలో బోరునీళ్లు, మూడు ఊళ్ల మిషన్లు

తీర్థయాత్రకు పోయొచ్చినవాళ్లు ప్రసాదం పంచిపెడతారు. మేం మూడు రోజులు తిరిగి మిషన్లు చూసొచ్చాం. పంచడానికి నా దగ్గర నడుంనొప్పి తప్ప ఇంకేమీ లేదు. అయినా మడకశిర, హిందూపురం, తనకల్లు ఒకే చుట్టులో తిరిగినవాళ్లు ఎక్కువమంది ఉండరు, అందులోనూ రోహిణి ఎండల్లో. అందుకని రాస్తున్నాను.

నా పేరు మస్తాన్. రాప్తాడులో హైవే పక్కన నాకొక లేత్ షెడ్డు ఉంది. ట్రాక్టరు గొర్రులో వేరుశనగ విత్తనాన్ని ఒక్కొక్క గింజగా నేలలోకి వదిలే అల్యూమినియం ప్లేటు ఒకటి ఉంటుంది. అరచేతికంటే కాస్త పెద్ద చక్రం, అంచు చుట్టూ గింజ కూర్చునే గుంటలు. ఆ ప్లేట్లు మేం చేస్తాం. మేం అంటే నేనూ, ఓబులేసూ. నేను గీతలు గీస్తాను. ఓబులేసు గుంటలు తొలిచి, ఆకురాయితో రాకి నునుపు చేస్తాడు. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. నాకెంత వయసో అతనికీ అంతే, కానీ షెడ్డు నాది కాబట్టి నన్ను అన్నా అంటాడు.

ఈ ఏడు గొర్రులు తయారుచేసే అనంతపురం ఆసామి నాలుగు వందల ప్లేట్లు అడిగాడు. జూలైలో విత్తే నాటికి కావాలి, అన్నీ ఒకే కొలతలో ఉండాలి. చేత్తో మేం రోజుకు ఆరు చేస్తే గొప్ప. మా వల్ల కాకపోతే గుజరాత్ నుంచి తెప్పించుకుంటానని, ఒకసారి అటు పోతే మళ్లీ ఇటు రానని మొహాన్నే చెప్పేశాడు. ప్లేట్లు పోతే మా షెడ్డు మూతే. అందుకే సీఎన్‌సీ మిషను చూడబోయాం. కొలతల నంబర్లు ఇస్తే తనంతట తానే కోసుకుపోయే మిషను అది.

దాని దగ్గర ఒక్క మనిషి ఉంటే చాలు. ఆ మాట మాత్రం ఓబులేసుకు చెప్పకుండా అతన్ని వెంటబెట్టుకొని బయలుదేరాను. ఇనుము గురించి నాకంటే అతనికి ఎక్కువ తెలుసు మరి. అతని పని తీసేసే మిషనును ఎంచడానికి అతన్నే తోడు తీసుకుపోయానని బస్సు పెనుకొండ దాటాక గాని నాకు తట్టలేదు. తట్టాక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మడకశిర

పొద్దున రాప్తాడులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని బస్సెక్కాం. ప్లేటు ముప్పై రూపాయలు. ఓబులేసు సంచిలో రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా ఉంది, నిండా నీళ్లు. దాహమేసి చెయ్యి చాపితే సంచి అవతలికి జరిపాడు.

"ఇది తాగేది కాదన్నా. మన షెడ్డు బోరు నీళ్లు."

"వాటిని ఊళ్లంట మోసేదేందప్పా?"

"ఉండనీలే."

అంతకంటే అడిగే ఓపిక నాకు లేదు.

మడకశిర బస్టాండులో దిగితే సగం మాటలు కన్నడమే. గొర్రెల మందొకటి రోడ్డుకు అడ్డం పడితే బస్సులు, ఆటోలు, మేము అందరం నిలబడిపోయాం. ఎవరూ హారను కొట్టలేదు. మా హైవే మీదైతే ఈపాటికి తిట్ల వాన కురిసేది.

మేం చూడబోయింది రంగప్ప అనే ఆయన దగ్గరున్న పాత మిషను. మోకాళ్లు పట్టేసి ఆయన పని మానుకుంటున్నాడు. "బన్నీ, బన్నీ" అని లోపలికి పిలిచి, మిషను మాట ఎత్తకుండా ముందు అడిగింది ఇది: "మీ పక్క వాన పడిందా? బోర్లు ఎట్లుండాయి?" మా జిల్లాలో యోగక్షేమాలు అడగడమంటే ఇదే.

తర్వాత భోజనం పెట్టించాడు. రాగిముద్ద, ఉప్పుసారు. మా ఇంట్లో సంగటి అంటే అందులో అన్నం కలుస్తుంది, నమిలి తింటాం. అక్కడిది ఒట్టి రాగిపిండి. నేను నములుతుంటే రంగప్ప భార్య కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. మింగాలట. మింగితే గొంతులో ఇరుక్కొని కళ్ల నీళ్లు వచ్చాయి.

మిషను చూస్తే పెద్ద బీరువా లాగా ఉంది, బరువైన పోతపోసిన ఇనుము. ఆయన అడిగిన దుడ్లు కూడా మా చేతికి అందేంతే. నాకు ఆశ పుట్టింది. రంగప్ప దాన్ని నడిపించాడు. ఓబులేసు జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, మొన కట్టరు తిప్పే భాగానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. కళ్లు మూసుకొని నిలబడ్డాడు. డాక్టరు కూడా నా గుండెను అంతసేపు వినలేదు.

"బేరింగు గొణుగుతాండాది" అన్నాడు. "ఆరు నెల్లు కూడా రాదు."

రంగప్ప కోపగించుకుంటాడేమో అనుకున్నాను. ఆయన కుర్చీలో కూలబడి, "నాకూ తెలుసప్పా. మీరు కనుక్కోలేరేమో అనుకుంటి" అన్నాడు. అని మళ్లీ మజ్జిగ పోయించాడు. మోసం చేయబోయిన మనిషి మీద అంత అభిమానం నాకు ఎప్పుడూ కలగలేదు.

హిందూపురం

రెండో రోజు కొత్త మిషన్లు అమ్మే చోటికి పోయాం. ఏసీ గది, తెల్ల గచ్చు. చెప్పులు బయట విడవాలని ఓబులేసు పట్టుబట్టాడు. అవసరం లేదని అక్కడి వాళ్లు చెప్పినా వినలేదు. ఆ గచ్చు మీద వట్టి కాళ్లతో మేమిద్దరం తిరుగుతుంటే, బూట్లు తొడుక్కున్న అమ్మకం కుర్రవాడు కిందికి చూడకుండా మాట్లాడటానికి నానా తంటాలు పడ్డాడు. మీ ఊర్లో వాన పడిందా అని అడగని మనిషి ఈ మూడు రోజుల్లో అతనొక్కడే.

మిషను మాత్రం బంగారమే. నేను కాగితం మీద గీసి తీసుకుపోయిన కొలతలు చూసి నంబర్లు కొట్టాడు. అద్దం తలుపు వెనక కట్టరు దిగింది. పాలలాగా తెల్లని ద్రవం ధారగా దాని మీద పడుతుంటే అల్యూమినియం వెన్నలా తెగింది. ఆ ద్రవం నూనె, నీళ్లు కలిపినది. అది పడకపోతే అల్యూమినియం వేడెక్కి కట్టరుకు అతుక్కుంటుంది, మా డ్రిల్లుకు రోజూ జరిగేది అదే. ఏడు నిమిషాల్లో ప్లేటు చేతికొచ్చింది.

ఓబులేసు చొక్కా జేబులోంచి వేరుశనగ గింజలు తీశాడు. ఇంటి నుంచి విత్తనం గింజలు తెచ్చుకున్నాడు. ఒక్కొక్క గుంటలో ఒక్కొక్కటి పెట్టాడు. అన్నీ సరిగ్గా కూర్చున్నాయి. ప్లేటును వేలితో తిప్పి, గింజలు రాలిపోయాక ఒక్కొక్కటీ ఎత్తి చూశాడు. దేనికీ పొట్టు కూడా లేవలేదు.

"కట్టర్ పదును వారం దాకా ఉంటుంది సార్" అన్నాడు కుర్రవాడు.

"మా కాడ పదును రెండు దినాలే ఉంటాది" అన్నాడు ఓబులేసు. కుర్రవాడు అర్థంకాక నా వైపు చూశాడు. వాన పడ్డాక విత్తనం వేయడానికి నేలలో తడి నిలిచే రెండు రోజుల గురించి ఓబులేసు మాట్లాడుతున్నాడు. ఆ రెండు రోజుల్లో గింజ పగిలితే ఆ ఏడాదికి ఆ గింజ చోటు ఖాళీయే.

ఓబులేసు నీళ్ల సంగతి అడిగితే, ఏ నీళ్లైనా ఫర్వాలేదు అన్నాడు కుర్రవాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఒక్క ఆపరేటర్ చాలు సార్. డిప్లొమా చదివినవాళ్లను మేమే చూపిస్తాం. పాతవాళ్లకు ఇది అలవాటు కాదు" అన్నాడు. నేను తల ఊపాను. ఓబులేసు అవతల గింజలు ఏరుకుంటున్నాడు, వినలేదు అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది కాబట్టి అనుకున్నాను.

అడ్వాన్సు ఇవ్వబోతుంటే ఓబులేసు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "తనకల్లులో ఒకామె ఇదే మిషను కొనిందంటన్నా. మా ఆడమనిషి వాళ్ల చుట్టాలు చెప్పినారు. ఒకతూరి ఆడ చూసి చెబుదాం."

ఇంకో రోజు బస్సులా అని నా ప్రాణం ఉసూరుమంది. కానీ అతని మాట తీసేయడానికి ఆ పూట నాకు మొహం చెల్లలేదు.

గోరంట్ల దారిలో

కదిరి బస్సులో ఎండ నా వైపే పడింది. గోరంట్ల దాటాక ఓబులేసు నిద్రపోయాడు. నాలుక పిడచకట్టుకుపోయి, అవి బోరు నీళ్లని మరిచి, ఆ సీసా తీసి గటగటా తాగేశాను. మూడు గుక్కలు దిగాక తెలిసింది. షెడ్డులో చేతులు కడుక్కునే నీళ్లు కడుపులోకి పోతే ఎలా ఉంటుందో చెప్పడానికి మర్యాద అడ్డొస్తోంది. ఒక ఉప్పు, ఒక చేదు, ఒక తుప్పు. కిటికీలోంచి ఉమ్మితే వెనక సీటాయన మీద పడి, కదిరి దాకా ఆయన నీతులు వినాల్సి వచ్చింది. ఓబులేసు లేచి సీసా ఎత్తి చూసి, "మిగిలినవి చాలులే" అన్నాడు. నా కడుపు గురించి అడగలేదు.

తనకల్లు

మూడో రోజు పొద్దున తనకల్లులో ఓబులేసు చెప్పిన ఆమె, నూర్జహాన్ గారి ఇల్లు వెదికి పట్టుకున్నాం. నలభై ఏళ్లుంటాయి. భర్త పోయాక ఆయన వర్కుషాపు తనే నడుపుతోంది. పక్కింట్లో పిండిమర. అది తిరుగుతుంటే ఆ వీధిలో మనిషి మాట మనిషికి వినపడదు.

మేం మిషను మాట ఎత్తగానే ఆమె ఇంటి వెనక రేకుల కిందికి తీసుకుపోయి కప్పి ఉన్న పట్ట ఒకటి లాగింది. హిందూపురంలో అద్దం తలుపు వెనక మెరిసిన మిషను అక్కడుంది. అద్దం పచ్చబడింది. లోపల పట్టాలన్నీ తుప్పు. ద్రవం పోసే తొట్టిలో ఎండిన ఉప్పు, కోడి ఒకటి పొదుగుతోంది.

"కిలో ఎంతకు అడుగుతాండారు?" అంది.

మమ్మల్ని పాత ఇనుము కొనేవాళ్లనుకుంది. కాదని, ఇలాంటిదే కొనబోతున్నామని చెప్పాం.

"మీ ఊర్లో నీళ్లు ఎట్లుంటాయి అన్నా?" అని అడిగింది.

ఓబులేసు సీసా ఇచ్చాడు. ఆమె రెండు గాజుగ్లాసులు తెచ్చింది. ఒకదాంట్లో క్యాను నీళ్లు, ఇంకోదాంట్లో మా నీళ్లు పోసి, రెంటిలోనూ ఆ మిషను నూనె ఒక్కొక్క చెంచా వేసి కలిపింది. మొదటిది చక్కగా తెల్లబడింది. మాది కూడా తెల్లబడింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆమె మాకు బొరుగులు, టీ పెట్టింది. టీ తాగి చూసేసరికి మా గ్లాసులో పాలు విరిగినట్టు తరకలు పైకి తేలాయి, కింద మురికినీళ్లు నిలిచాయి.

"ఈ నీళ్లు పోస్తే నాలుగు నెల్లకు మీదీ ఇట్లే అయితాది" అంది.

"క్యాను నీళ్లు పోస్తే?"

"నేనూ అదే చేస్తి. ఎండాకాలంలో దినానికి రెండు క్యాన్లు తాగుతాండె ఈ మిషను. నీళ్ల ప్లాంటు కాడ ఆడోళ్లు బిందెలు పెట్టుకొని వరసలో ఉంటారు కదా. నేను ఆటోలో క్యాన్లు ఏసుకొని వస్తాంటి. ఒగ పొద్దు ఒగామె అడిగింది, మీ ఇంట్లో తాగేవాళ్లు ఎంతమంది నూర్జహానక్కా అని. అంతే. ఆ పొద్దునుంచి మిషనుకు మంచినీళ్లు పోయలేకపోతి."

ఇది వేరే ప్రాంతం వాళ్లకు పిచ్చిలా కనిపించవచ్చు. క్యాను పది రూపాయలు, కొనుక్కొని పోయొచ్చు కదా అనవచ్చు. రాప్తాడు ప్లాంటు దగ్గర మే నెలలో ఒక పూట నిలబడి చూసినవాళ్లు అనరు. ఇనుముకు తాగే నీళ్లు పోయడం నా వల్ల కూడా కాదు. ఓబులేసు వైపు చూశాను. అతనూ తల అడ్డంగా ఊపాడు.

నాలుగు వందల ప్లేట్లు, అనంతపురం ఆసామి, షెడ్డు, అన్నీ ఆ గ్లాసులో విరిగిపోయినట్టే ఉంది. అందులో కొంచెం సుఖం కూడా ఉందని ఒప్పుకోవాలి. ఇక కొనక్కర్లేదు, ఓబులేసుకు ఏమీ చెప్పక్కర్లేదు. ఇద్దరం షెడ్డుతో పాటే ముసలివాళ్లమై పోవచ్చు.

"వద్దులే అప్పా. పోదాం పా. కదిరి బస్సు వచ్చే టైమైంది" అని లేచాను.

ఓబులేసు లేవలేదు. బొరుగులు చేతిలో పట్టుకొని అలాగే కూర్చున్నాడు. పిండిమర గడగడలాడుతోంది. తల ఓ పక్కకు వంచి అన్నాడు.

"ఉండన్నా. ఆ మర శబ్దం కింద సన్నగా ఇంకొక శబ్దం ఉండాది. కట్టరు. అల్యూమినియమే కోస్తాండాది."

నాకు పిండిమర తప్ప ఏమీ వినపడలేదు. నూర్జహాన్ గారు మాత్రం అతని వైపు తేరిపార చూసి, లేచి ముందుగది తలుపు తీసింది.

లోపల చిన్న మిషను. బీరువా కాదు, కుట్టుమిషను బల్లకంటే కాస్త పెద్దది. కానీ అడుగు మొత్తం పోతపోసిన ఇనుమే. కోస్తుండగా దాని మీద రూపాయి బిళ్ల నిలువుగా నిలబెట్టి చూపించింది, పడలేదు. ద్రవం ధార లేదు. చిన్న గొట్టంలోంచి గాలి, గాలితో పాటు మంచులా నాలుగు తుంపర్లు. రోజంతా నడిస్తే అర లీటరు నీళ్లు చాలట. నేను తాగే చెంబుడు నీళ్లలో సగం ఇస్తే సరిపోతుంది. మొదటిది పాడయ్యాక మూడేళ్ల కింద దీన్ని కొన్నానని, మేం పెద్దదాని సంగతే అడిగాం కాబట్టి దీని మాట ఎత్తలేదని అంది. ప్లేటుకు ఇరవై నిమిషాలు పడుతుంది. వేళ్ల మీద లెక్క వేసుకుంటే నెల తిరక్కుండా నాలుగు వందలూ అవుతాయి. మా మిషను వచ్చేదాకా మొదటి వంద తన దగ్గరే కోసుకోమంది.

ఓబులేసు స్క్రూడ్రైవరు తీశాడు. ఆనించి విన్నాడు. "బాగుండాది" అన్నాడు.

"దీనికి డిప్లొమా చదివినవాళ్లు కావల్లనా అమ్మా?" అని అడిగాను.

"నేను ఏడో తరగతి. జీ, ఎమ్ అని రెండక్షరాలు ఉంటాయి, వాటి పక్కన నంబర్లు. అది నేర్చుకుంటే చాలు. ఈ మిషనుకు చేతులుండాయి గాని చెవులు లేవన్నా. కట్టరు ఇరిగే ముందర అరుస్తాది. అది ఇనేవాళ్లు పక్కనుండల్ల." ఓబులేసును చూపించి, "ఈయన్ని పది దినాలు ఈడికి పంపండి" అంది.

తిరుగు బస్సు

బస్సు ముదిగుబ్బ దాటింది. సగం ఖాళీ అయిన సీసా అతని కాళ్ల దగ్గర దొర్లుతోంది.

"ఆ నీళ్లు ఎందుకు తెచ్చినావో ఇప్పుడన్నా చెప్పు" అన్నాను.

"మిషను వద్దనిపించేకి" అన్నాడు. "ఉప్పునీళ్లకు ఆ నూనె ఇరుగుతాదని, ఆయమ్మ మిషను తుప్పు పట్టిందని ముందే ఇన్న్యా. నువ్వు చూస్తే కొనవు అనుకుంటి. మిషను కాడ ఒగ మనిషే చాలని నాకూ తెలుసు. హిందూపురంలో నువ్వు తల ఊపింది నేను చూసినానన్నా."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇరవై ఆరేళ్ల మనిషికి ఒక్క మాట చెప్పలేక మూడు రోజులు బస్సుల్లో తిప్పాను. తప్పు నాదే అన్నాను. అతను కిటికీ వైపు చూస్తూ విన్నాడు.

"అనుకున్నట్టే అయింది కదా. నేను ఇంటికి పోదామని లేస్తిని. మరి ఆ శబ్దం సంగతి ఎందుకు చెప్పినావు? నువ్వు చెప్పకుంటే నాకు తెలిసేది కాదు."

ఓబులేసు కాళ్ల దగ్గరి సీసా ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు.

"పోయినేడు మా నాలుగెకరాల్లో నేను రాకిన ప్లేట్లతోనే ఇత్తినా. ఎన్ని గింజలు పగిలి మొలవలేదో సాళ్లెంబడి నడిచి చూసుకుంటి. హిందూపురం పిల్లోడి ప్లేటులో ఒగటీ పగల్లేదు." సీసా మూత బిగించి, "అయినా ఇనపడింది కదన్నా. ఇనపడినాక ఇనపడలేదని ఎట్లంటా?" అన్నాడు.

బత్తలపల్లిలో దిగి చెరో టీ తాగాం. పది రూపాయలు, చక్కెర ఎక్కువ. నా కళ్లు తడయ్యాయి. రోడ్డు దుమ్మని చెప్పుకున్నాను.

"నాకు ఇంగ్లీషు రాదే" అన్నాడు గ్లాసు దించుతూ.

"రెండక్షరాలే కదప్పా."

రాప్తాడు

మర్నాడు పొద్దున షెడ్డుకు ఆలస్యంగా పోయాను. ఒళ్లంతా పచ్చిపుండుగా ఉంది. ఓబులేసు అప్పటికే వచ్చి బయట బోరు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. లోపల లేత్ పక్కన ఇనుప బల్ల మీద, మేం కొలతలు రాసుకునే సుద్దముక్కతో, ఆ చివర నుంచి ఈ చివర దాకా వరసగా అక్షరాలు రాసి ఉన్నాయి. జీ అన్నీ బాగానే కుదిరాయి. ఎమ్ మాత్రం ప్రతిచోటా తలకిందులై డబ్ల్యూ అయింది.

నేను సుద్దముక్క తీసుకొని కింద ఒక్క ఎమ్ సరిగ్గా రాసిపెట్టాను. మిగతావి చెరపలేదు.